నడుం దాకా వచ్చిన నీడ

మైకు మామయ్యకి ఏదైనా అర్థం కాలేదంటే, ఆ సంగతి చుట్టుపక్కల అందరికీ అర్థమైపోతుంది.

అర్థం కానివి లోకంలో అందరికీ ఉంటాయి. మర్యాదస్తులు తల ఊపి ఊరుకుంటారు. ఇంటికి వెళ్ళాక ఎవరినైనా అడుగుతారు, లేదా ఆ సంగతే మర్చిపోతారు. మైకు మామయ్యకి అంత ఓపిక లేదు. అర్థం కానిది ఎక్కడ అర్థం కాలేదో అక్కడే, అప్పటికప్పుడే అడిగేయాలి. పైగా తాను గుసగుసగానే అడుగుతున్నానని ఆయన నమ్మకం. పక్కవాడి చెవి దగ్గరికి వంగుతాడు. నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. కళ్ళు చిన్నవి చేస్తాడు. గుసగుసకి కావలసిన సరంజామా అంతా సిద్ధం చేసుకుని అప్పుడు నోరు విప్పుతాడు. ఆ గొంతు గోడ అవతలివాళ్ళకి కూడా వినబడుతుంది.

ఆయన్ని అని లాభం లేదు, చేసిన ఉద్యోగం అలాంటిది. పెద్ద బస్‌స్టాండులో అనౌన్సరుగా చేరి, అక్కడే జుట్టు నెరిసి, అక్కడే రిటైరయ్యాడు. మైకు పాడైన రోజున కూడా ప్రయాణికులకి తేడా తెలిసేది కాదట. అందుకే ఇంటిల్లిపాదీ ఆయనకి మైకు అని పేరు పెట్టేశారు. పిల్లలకి మైకు పెదనాన్న, అల్లుళ్ళకి మైకు మామయ్య. కట్టుకున్న భార్య కూడా చాటుగా మైకనే అంటుంది.

బస్‌స్టాండులో ఎంక్వయిరీ కిటికీ దగ్గర కూర్చునే పాత స్నేహితుడు ఇప్పటికీ ఒక కథ చెప్పి నవ్విస్తుంటాడు. మామయ్య మైకులో బస్సు వివరాలన్నీ చదివేసేవాడట. ఆ తర్వాత తన గదిలోంచి బయటికి వచ్చి, కిటికీ ముందు నిలబడి, "ఏమండీ, ఈ పక్కనున్న బస్సు ఎటు పోతుందండీ?" అని అడిగేవాడట.

"ఇప్పుడే కదయ్యా నువ్వే చెప్పావు?"

"చెప్పాను. అర్థం కాలేదు. మళ్ళీ చెప్పు, కాస్త గట్టిగా."

ఆ స్నేహితుడు తిట్టుకుంటూనే గట్టిగా చెప్పేవాడు. కిటికీ దగ్గర దిక్కులు చూస్తూ నిలబడ్డ నలుగురూ ఈ వింత చూసి నవ్వుకుంటూ బస్సెక్కేవారు. మనిషికి అప్పుడే మతి జారిపోతోందని ఆఫీసులో జాలిపడ్డారు కూడా.

ఆ ఇంటికి కొత్తగా వచ్చిన అల్లుడికి మామయ్య సంగతి సంబంధం మాట్లాడుకున్న రోజే తెలిసొచ్చింది. పిల్ల మామయ్యకి సొంత తమ్ముడి కూతురు. మధ్యవర్తి మంచి మాటకారి. కుర్రాడు లిఫ్టులు బాగుచేస్తాడని చెప్పడానికి నామోషీ పడి, "అబ్బాయి నిలువు రవాణా రంగంలో ఉన్నాడండి" అన్నాడు. అందరూ గొప్పగా తలలు ఊపారు. ఏం చెయ్యాలో తోచక కుర్రాడు కూడా ఊపాడు.

మైకు మామయ్య పక్కాయన చెవి దగ్గరికి వంగాడు.

"అర్థం కాలేదు. నిలువు రవాణా అంటే ఏంటి? నిలబడి ప్రయాణం చెయ్యడమా?"

గదిలో అందరూ అటు తిరిగారు. మధ్యవర్తి గొంతు సవరించుకున్నాడు.

"అంటే అదొక సాంకేతికమైన..."

"అదీ అర్థం కాలేదు."

కుర్రాడికి చెవులు వేడెక్కాయి. ఇక దాచి లాభం లేదనుకుని, "లిఫ్టులు బాగుచేస్తానండి. ఎక్కడైనా ఆగిపోతే పిలుస్తారు, వెళ్ళి చూస్తాను" అన్నాడు.

"అంటే ఇరుక్కుపోయినవాళ్ళని బయటికి తీస్తావన్నమాట."

"అవునండి."

"అట్లా చెప్పు బాబూ. ఇప్పుడర్థమైంది."

అంతసేపూ గోడకేసి చూస్తూ కూర్చున్న పిల్ల అప్పుడు తల తిప్పి కుర్రాణ్ణి చూసింది, నవ్వింది కూడా. సంబంధం కుదిరిపోయింది. అయినా పదిమందిలో మామయ్య తన పరువు తీసేశాడన్న బాధ మాత్రం అల్లుడి మనసులో అలాగే ఉండిపోయింది.

ఆ పిల్ల నాటకాల్లో వేస్తుంది. చాలాకాలం చిన్నాచితకా వేషాలే దొరికాయి. ఒక నాటకంలో తలుపయింది, ఇంకోదాంట్లో తెర వెనక వాన చప్పుడయింది. ఒకసారి ఆకులు కప్పుకుని చెట్టుగా నిలబడితే ఒకే ఒక్క మాట ఇచ్చారు. ఆ మాట అనబోయే సమయానికి హాల్లోంచి, "అర్థం కాలేదు. అది మన పిల్లేనా? ఆకుల్లో మొహం కనబడటం లేదు" అని వినిపించింది. చెట్టు పకపకా నవ్వేసింది. ఆకులు రాలాయి. మర్నాటి నుంచి ఆ చెట్టు వేషం ఇంకొకరికి పోయింది.

ఇన్నాళ్ళకి ఆమెకి ప్రధాన పాత్ర దొరికింది. నగరంలో పేరున్న పాత నాటకశాలలో, నీడ పారిపోయిన రాజు కథ. అందులో ఆమెది నీడ వేషం. దర్శకుడు ఎండాకాలంలో కూడా మెడలో ఎర్ర మఫ్లరు తియ్యని మనిషి. ఆయన తేల్చి చెప్పేశాడు. ఈ మొదటి ప్రదర్శన బాగా పోతే ఆమెని కంపెనీలో శాశ్వతంగా తీసుకుంటాడు, లేకపోతే మళ్ళీ వాన చప్పుడే.

"పెదనాన్నని రావద్దనడానికి నాకు నోరు రాదు. మీరు ఆయన పక్కన కూర్చోండి. నోరు తెరవనివ్వకండి. ఇదొక్కటి చెయ్యండి చాలు," అని ఆమె మొగుడికి ఒక పొట్లం నిండా పిప్పరమెంట్లు ఇచ్చింది. "ఏదైనా అడగబోతే ఒకటి నోట్లో పెట్టండి."

అల్లుడు ఆ పొట్లాన్ని పనిముట్ల సంచీ అంత జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు. తన అసలు భయం మాత్రం పెళ్ళానికి చెప్పలేదు. ఇన్నాళ్ళ రిహార్సళ్ళూ చూసినా ఆ నాటకం తలా తోకా అతనికి తెలియలేదు. ఏ సీను నచ్చిందని ఆమె అడిగినప్పుడల్లా "మధ్యలోది" అని గట్టెక్కుతున్నాడు. అతనికి తెలిసిందల్లా ఒక్కటే. రంగస్థలం కింద చేత్తో తిప్పే ఒక పాతకాలపు చెక్క పలక ఉంది. చివర్లో నీడ దాని మీద నిలబడి నేలలోంచి పైకి వస్తుంది. ఆ తాళ్ళూ గిలకలూ ఒకసారి చూస్తానని అతను అడిగితే, కళలో లిఫ్టువాళ్ళకేం పని అన్నట్టు చూసి మఫ్లరాయన వెళ్ళిపోయాడు.

నాటకశాల చాలా పాతది. మెట్ల చెక్కలు అడుగడుక్కీ మూలిగేవి. పైకప్పు నిండా మబ్బుల బొమ్మలు, అక్కడక్కడా పెచ్చులూడి మబ్బుకీ మరకకీ తేడా తెలియడం లేదు. ఎర్ర మఖమలు సీట్లలో ఒక్కొక్క స్ప్రింగు ఒక్కొక్క వైపు పొడుచుకొచ్చింది. అల్లుడు ఒక పక్క, మామయ్య భార్య పెద్దత్తయ్య ఇంకో పక్క, మధ్యలో మైకు మామయ్య కూర్చున్నారు. ముందు వరసలో కళ్ళద్దాలావిడ ఒకరు తీరుగా కూర్చుని, నాటకాలు చూడటం తనకి కొత్త కాదన్నట్టు అటూ ఇటూ చూసింది.

దీపాలు ఆరాయి, తెర లేచింది. లేవగానే రాజు చచ్చిపోయాడు.

రెండో రంగంలో ఆ రాజే లేచి వచ్చి టోపీ మార్చుకుని బట్టలు కుట్టడం మొదలుపెట్టాడు. అల్లుడు తలకాయ పట్టుకున్నాడు. ముందు వరసలో అందరూ మెచ్చుకోలుగా తల ఊపుతున్నారు, కాబట్టి తనూ ఊపాడు.

మామయ్య వంగాడు. అల్లుడు పొట్లం విప్పేలోపే జరిగిపోయింది.

"అర్థం కాలేదు. ఈయన ఇందాక చచ్చిపోయాడు కదా. రాజా, దర్జీయా?"

"ష్," అంది కళ్ళద్దాలావిడ.

వెనక వరసలోంచి ఎవరో మాత్రం జవాబు చెప్పారు. "దర్జీ అండి. ఎర్ర టోపీ ఉంటేనే రాజు. కథ వెనక్కి నడుస్తోంది."

"ఆహా. ఇప్పుడర్థమైంది."

హాల్లో చాలామంది సీట్లలో సర్దుకుని కూర్చున్నారు. అల్లుడికి కూడా గుండెలోంచి ఒక బరువు దిగినట్టయింది. కానీ పెళ్ళానికిచ్చిన మాట గుర్తొచ్చి మామయ్య చేతిలో ఒక పిప్పరమెంటు పెట్టాడు. మామయ్య దాన్ని పటపటా నమిలేశాడు.

ఆ తర్వాత ఒక చెట్టు వచ్చి ఏడ్చింది. చంద్రుడి ఇంటికి తాళం వేసే మనిషి వచ్చి, ఆ చెట్టుని అమ్మా అని పిలిచాడు.

"అర్థం కాలేదు. చెట్టుకి కొడుకేంటి?"

పిప్పరమెంటు.

"అర్థం కాలేదు. తాళం వేసేవాడి టోపీ ఏ రంగు?"

పిప్పరమెంటు. ఈసారి పెద్దత్తయ్య కూడా చెయ్యి చాపింది. "నాకూ ఒకటి ఇవ్వు బాబూ. ఆయనతో పాటు నాకూ నోరు ఎండిపోతోంది."

విశ్రాంతి సమయంలో మఫ్లరాయన వరసల మధ్య నుంచి విసవిసా వచ్చాడు. "అయ్యా, నా నాటకం ఒక కల. కలలో ప్రశ్నలుండవు," అన్నాడు.

"అర్థం కాలేదండీ. మరి నిద్రపోతున్నది ఎవరు? మేమా, మీరా?"

మఫ్లరాయన మొహం మఫ్లరు రంగుకి తిరిగింది. ఇంకొక్క మాట వినిపిస్తే ఆ పిల్ల సంగతి తను మర్చిపోవలసి వస్తుందని అల్లుడితో అనేసి వెళ్ళిపోయాడు. అల్లుడికి ఏడుపొకటే తక్కువైంది. మామయ్య అతని మొహం కాసేపు చూశాడు. తనంతట తనే పొట్లంలోంచి రెండు పిప్పరమెంట్లు తీసుకుని, చెరో బుగ్గన పెట్టుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

తెర మళ్ళీ లేచింది. మామయ్య నోరు విప్పలేదు. రాజూ దర్జీ ఒకరినొకరు తిట్టుకున్నారు, ఇద్దరూ ఒకడే కాబట్టి టోపీలు గబగబా మారాయి. మామయ్య ఊరుకున్నాడు. చెట్టు నడుచుకుంటూ వెళ్ళిపోయింది, అప్పుడూ ఊరుకున్నాడు. హాల్లో మాత్రం ఇబ్బంది మొదలైంది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఎక్కడో ఎవరో ఆవులించారు. చివరికి కళ్ళద్దాలావిడ మెల్లగా వెనక్కి తిరిగింది.

"ఏమండీ, మీరేం అడగరేంటి? ఆ చెట్టు ఎవరో తెలియక చస్తున్నాం."

మామయ్య రెండు బుగ్గలూ వేలితో చూపించి, అల్లుడి వైపు తల పంకించాడు.

చివరి రంగం వచ్చింది. రాజు రంగం మధ్యలో నిలబడి, "నా నీడా, ఎక్కడున్నావు? పూర్తిగా నా ఎదుటికి రా" అని చేతులు చాపాడు. నేల తెరుచుకుంది. నల్లటి బట్టల్లో నీడ మెల్లమెల్లగా పైకి లేచింది. ముందు తల, తర్వాత భుజాలు, తర్వాత నడుము. అక్కడ టక్కుమని చిన్న చప్పుడయింది. నీడ ఆగిపోయింది.

ఆ చప్పుడు హాల్లో ఇంకెవరికీ పట్టలేదు. అల్లుడు మాత్రం సీటు అంచుకి జరిగాడు. తాడు గిలక మీంచి జారిన చప్పుడు అది. నిద్రలో విన్నా గుర్తుపడతాడు.

నీడ ఇప్పుడు నడిచి వెళ్ళి సింహాసనం మీద కూర్చోవాలి. నడుము కింద నేల ఉంటే ఎలా నడుస్తుంది? రాజు నోరు తెరిచి మూశాడు. మాటలన్నీ సింహాసనం గురించే, ఇప్పుడు అవేవీ పనికిరావు. ఆమె మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. బాల్కనీలో ఒకడు కిసుక్కున నవ్వాడు, ఆ నవ్వు పక్క సీటుకి పాకింది. వెనక గోడ దగ్గర మఫ్లరాయన కళ్ళు మూసుకున్నాడు.

మామయ్య రెండు పిప్పరమెంట్లూ మింగేశాడు.

"అర్థం కాలేదు. నీడ నడుం దాకే వచ్చిందేం?"

అల్లుడు సీట్లోనే కుంగిపోయాడు. ఇక వాన చప్పుడు కూడా దక్కదనుకున్నాడు. అయితే రంగం మీద ఆమె ఆ గొంతు వచ్చిన వైపు చూసింది. ఒక క్షణం అలాగే చూసి ఊపిరి పీల్చుకుంది.

"ఇది మిట్టమధ్యాహ్నం పెద్దాయనా. పొద్దు వాలితే గానీ నా పొడుగు నాకు రాదు."

బాల్కనీలో నవ్వు ఆగిపోయింది. ఆహా అని ఎవరో పైకే అన్నారు. దీపాలు చూసే మనిషికి విషయం తెలిసినట్టుంది, రాజు నెత్తిమీద తెల్లటి వెలుగు నిలువుగా పడింది.

అప్పుడు మామయ్య అల్లుడి చెవి దగ్గరికి వంగాడు. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, కళ్ళు చిన్నవి చెయ్యలేదు. పక్కనున్న పెద్దత్తయ్యకి కూడా వినబడనంత మెల్లగా అడిగాడు.

"తాడు జారిందా బాబూ?"

అల్లుడు ఆయన మొహంలోకి చూశాడు. "గిలక మీంచి జారిందండి."

"ఇరుక్కున్నవాళ్ళని తీసేవాడివి కదా, వెళ్ళు. నువ్వు చెప్పేదాకా ఇక్కడ పొద్దు వాలనివ్వను."

అల్లుడు పరుగు తీశాడు. పక్క తలుపు, ఇరుకు మెట్లు, రంగం కింద దుమ్ము. ఇద్దరు మనుషులు తాడు పట్టుకుని వేలాడుతూ, వదిలితే పిల్ల కింద పడుతుందేమోనని చెమటలు కక్కుతున్నారు. తాడు గాడిలోంచి తప్పుకుని గిలకకీ ఇరుసుకీ మధ్య నొక్కుకుపోయింది. పలక అంచున పెళ్ళాం పాదాలు కనబడుతున్నాయి. మడమలు వణుకుతున్నాయి.

"వదలకండి. అట్లాగే పట్టుకోండి," అని అతను గోడకి ఆనించిన ఇనపకడ్డీ అందుకున్నాడు.

పైనుంచి చెక్కల మీదుగా మామయ్య గొంతు మైకులో విన్నట్టే వినబడుతోంది.

"అర్థం కాలేదు. పొద్దు ఎప్పుడు వాలుతుంది?"

"రాజుగారు నన్ను పిలవడం మాని కాసేపు కూర్చుంటే వాలుతుంది."

దబ్బుమని చప్పుడు. రాజు బుద్ధిగా కూర్చున్నట్టున్నాడు.

"అసలు ఎందుకు పారిపోయావమ్మా?"

"రాజుగారు ఎప్పుడూ ముందే చూశారు పెద్దాయనా, ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. నేనున్నానో లేనో ఆయనకి తెలుసా అని చూద్దామని పారిపోయాను."

"మరి ఆ చెట్టు ఎవరు?" ఇది మామయ్య గొంతు కాదు. కళ్ళద్దాలావిడది.

"ఆయన తల్లి. నీడనివ్వడానికి చెట్టయింది. ఆవిడనీ ఆయన గుర్తుపట్టలేదు."

అయ్యో అని హాలంతా నిట్టూర్చింది. అదంతా నాటకంలో ఉన్నదో, ఆమె అప్పటికప్పుడు అల్లుతున్నదో కింద ఉన్న అల్లుడికి తెలియలేదు. వణుకుతున్న మడమలు ఆగి, పాదాలు కుదురుగా నిలబడటం మాత్రం చూశాడు. కడ్డీతో గిలకని పక్కకి నెట్టి, తాడుని వేళ్ళతో లాగి గాడిలో పెట్టాడు. పలక అడుగున రెండుసార్లు తట్టాడు.

పైన ఆమె గొంతు మారింది. "పొద్దు వాలుతోంది పెద్దాయనా."

"ఇప్పుడర్థమైంది," అన్నాడు మామయ్య.

ఇద్దరు మనుషులూ మర తిప్పారు. పలక మూలుగుతూ పైకి పోయింది, పాదాలు కనబడకుండా పోయాయి. తర్వాత తల మీద పడ్డ దుమ్ము వానని బట్టి జనం ఎంత గట్టిగా చప్పట్లు కొడుతున్నారో అల్లుడికి తెలిసింది.

ఆట ముగిశాక నాటకశాల ముందు గదిలో జనం కదలకుండా నిలబడి ఆ చెట్టు గురించే మాట్లాడుకుంటున్నారు. మఫ్లరాయన మొదటిసారి మఫ్లరు తీసి మొహం తుడుచుకుంటూ వచ్చాడు. పిల్లని కంపెనీలో తీసుకున్నట్టేనని పెద్దత్తయ్యతో చెప్పాడు. తర్వాత అల్లుణ్ణి పక్కకి పిలిచాడు.

"రేపు కూడా ఆ పలక నడుం దగ్గరే ఆగేట్టు చెయ్యగలవా?"

"బాగుచెయ్యడమే వచ్చండి. చెడగొట్టడం నేర్చుకోలేదు."

పెద్దత్తయ్య అల్లుడి జుట్టులో దుమ్ము దులుపుతూ మాటల్లో మాటగా అంది. "పాపం, నీకు తెలియదు కదూ. మీ ఇంటి గోడలు పల్చన అని అమ్మాయి మా వంటింట్లోనే కదా ప్రాక్టీసు చేసింది. రాజు మాటలు, దర్జీ మాటలు, చెట్టు మాటలు అన్నీ ఈయనే చదివేవాడు. ఆ నాటకం ఈయనకి కంఠతా వచ్చేసింది. నిద్రలో కూడా అప్పజెబుతున్నాడు."

అల్లుడు గిర్రున మామయ్య వైపు తిరిగాడు. ఆయన గోడమీద పాత నటుల ఫోటోలు చూస్తూ, ఏమీ ఎరగనట్టు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. అల్లుడికి బస్‌స్టాండు కిటికీ దగ్గర దిక్కులు చూసిన నలుగురూ గుర్తొచ్చారు. నిలువు రవాణా గుర్తొచ్చింది. ఆ రోజు పరువు పోయిందనుకున్నాడు గానీ, అబద్ధంలో ఇరుక్కున్న తనని బయటికి తీసింది ఈయనేనని ఇప్పుడు తోచింది. తనకి మామయ్య మీద ఇంత ప్రేమ ఎప్పటినుంచి ఉందో కూడా అర్థం కాలేదు.

రంగు కడుక్కున్న మొహంతో పెళ్ళాం పరిగెత్తుకుంటూ వచ్చింది. ముందు పెదనాన్న చెయ్యి పట్టుకుంది. తర్వాత మొగుడి చేతులకంటిన గ్రీజుని తన రుమాలుతో తుడిచింది.

"నాటకం ఎలా ఉంది?" అంది చివరికి.

మధ్యలోది బాగుందని నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి అతను గొంతు సవరించుకున్నాడు.

"నాకు అర్థం కాలేదు. మొదట్నుంచీ ఒక్క ముక్క అర్థం కాలేదు. రాజు చివరికి బతికినట్టా, చచ్చినట్టా?"

ఆమె ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత పడిపడి నవ్వింది. నవ్వు ఆపుకుంటూ మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. చుట్టుపక్కల మాటలు ఆగిపోయాయి. టీ కప్పులు పట్టుకున్నవాళ్ళు, చెప్పులు సర్దుకుంటున్నవాళ్ళు ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. కళ్ళద్దాలావిడ ముందు వరసలో ఉన్నంత తీరుగానే వెనకాల నిలబడి, మెడ సాచి వింటోంది.

మైకు మామయ్య ఫోటోలు వదిలేసి వచ్చి అల్లుడి చెవి దగ్గరికి వంగాడు. అతనొక్కడికే వినబడేంత మెల్లగా అన్నాడు.

"ఈసారి కాస్త గట్టిగా అడుగు బాబూ. వెనకాల ఆవిడకి వినబడలేదు."